ఎర్రావు చెవి బిళ్ల నంబరు

నేను రిటైరైన రోజు మా ఓనరు నాకు శాలువా కప్పి, మైకు పట్టుకొని ఒక అబద్ధం చెప్పాడు. "ఈ సార్ చెప్పిన అడ్రసు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకు ఎవరూ చెప్పలేదు. హాలంతా చప్పట్లు కొట్టారు. కంట్రోల్ రూములో పదకొండేళ్లు నా పక్క కుర్చీలో పనిచేసిన ఆవిడ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. నేను ఆమె వైపు చూడలేదు. శాలువా సర్దుకుంటున్నట్టు నటించాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇంటికి వచ్చినప్పుడల్లా "మీ అనుభవాలు రాయండి సార్, తమిళంలో రాస్తే మేము చదువుకుంటాం" అంటున్నారు. తమిళంలో నేను బాగానే రాయగలను, నా చదువంతా అందులోనే. తెలుగు అక్షరాలు నలభై దాటాక, ఒకటో తరగతి వాచకం కొనుక్కొని నేర్చుకున్నాను. ధర్మపురి చుట్టుపక్కల తెలుగు మాట్లాడే మా ఇళ్లలో ఇది మామూలే. మాట తెలుగు, అక్షరం తమిళం. అయినా దీన్ని తెలుగులోనే రాస్తున్నాను. తప్పిన ఆ ఒక్క మాట నేను తెలుగులోనే అన్నాను కాబట్టి, ఒప్పుకోవడం కూడా తెలుగులోనే జరగాలి. చదవాలనుకున్న వాళ్లు తెలుగు అక్షరం వచ్చినవాళ్ల చేత చదివించుకోండి.

మాది మొదట కేబుల్ టీవీ కంపెనీ, తర్వాత నెట్ కంపెనీ అయింది. పేరు చెప్పను. మెయిన్ రోడ్డు మీద ఒక కొట్టు పైన మా ఆఫీసు. కంట్రోల్ రూములో రెండు కుర్చీలు, నాలుగు స్క్రీన్లు, ఒక ఏసీ. ఏసీ మిషన్లకు, మాకు కాదు. ఎక్కడ తీగ తెగింది, ఎవరికి నెట్ రావడం లేదు, ఎవరి నంబరు ఏమిటి అని చూడటం నా పని. నెట్‌లోకి వెళ్లే ప్రతి లైనుకూ బయటి ప్రపంచానికి కనిపించే ఒక నంబరు ఉంటుంది. మీరు ఐపీ అడ్రసు అంటారు. మధ్యలో చుక్కలతో నాలుగు భాగాలు. ఏ నంబర్లు ఏ దేశంలోని ఏ కంపెనీకి ఇచ్చారో రాసిపెట్టిన పట్టికలు నెట్‌లోనే ఉంటాయి. నంబరు కొట్టి చూస్తే దేశం పేరు వస్తుంది. అరనిమిషం పని.

మా రిజిస్టరులో ఆ నంబరు రాయడానికి నేనొక పద్ధతి పెట్టాను. చుక్కలు పెట్టకూడదు. పెన్ను ఒలికినా, చెమట చెయ్యి పడినా మొదట చెరిగేది చుక్కే. అందుకని ప్రతి భాగాన్నీ మూడంకెలు చేసి, తక్కువైతే ముందు సున్నాలు పెట్టి, మొత్తం పన్నెండంకెలు వరసగా రాయాలి. కొత్తగా చేరిన వాళ్లు నవ్వుకునే వాళ్లు. నవ్వినా రాసేవాళ్లు, లేకపోతే నేను తిట్టేవాణ్ణి.

ఈ దేశం పేర్ల సంగతి నాకు అందరికంటే బాగా తెలుసు. తెలియడానికి కారణం ఉంది. ఒకసారి మా ఓనరు ఇంకెవరో వాడి వదిలేసిన నంబర్లను సెకండ్ హ్యాండులో తెచ్చాడు. అవి అంతకుముందు రొమేనియాలో ఉండేవట. నంబర్లు ధర్మపురికి వచ్చాయి కానీ పట్టికల్లో దేశం పేరు మారలేదు. దాంతో ఊరు ఊరంతా పట్టికల లెక్కలో రొమేనియాకు పోయింది. బస్టాండు దగ్గరి బట్టల కొట్టాయన పరుగెత్తుకొని వచ్చాడు. బ్యాంకు యాప్ ఆయన్ను లోపలికి రానివ్వడం లేదు. "నా అకౌంటును నేనే ఫారిన్ నుంచి దొంగిలిస్తా ఉండానంట సార్" అని తల పట్టుకున్నాడు. ముసలమ్మలు చూసే సీరియళ్ల మధ్యలో ఎవరికీ అర్థంకాని భాషలో పిండి యాడ్లు వచ్చాయి. దాన్ని సరిచేయించడానికి రెండు నెలలు ఉత్తరాలు రాశాను. "అయ్యా, మేము తమిళనాడులో ఉన్నాం, మా జనం ఎవరూ రొమేనియా చూడలేదు" అని. ఈ కథ చెప్పి పెళ్లిళ్లలో ఎంతమందిని నవ్వించానో లెక్కలేదు. నంబరు ఎవరి పేరు మీద ఉందో పట్టిక చెబుతుంది, తీగ చివర మనిషి ఎక్కడ కూర్చున్నాడో చెప్పదు అని కొత్తవాళ్లకు పాఠం కూడా చెప్పేవాణ్ణి.

శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది అంటారు కదా. అలా పడ్డాను నేను.

మా దగ్గర ఫైబర్ అతికే పనిలో ఒకతను ఉండేవాడు. వెల్లిచందై దగ్గర ఆవులు పెట్టుకొని బతికే ఇల్లు. పొద్దున్నే నాలుగు ఆవుల పాలు పితికి, పాలు పోసి, ఆ వాసనతోనే డ్యూటీకి వచ్చేవాడు. వెంట్రుక కంటే సన్నని గాజు తీగను ఆ మొరటు వేళ్లతో పట్టుకొని అతికితే, అతుకు ఎక్కడుందో మిషన్ కూడా కనిపెట్టలేకపోయేది. ఎండలో స్తంభం మీద ఉన్నా, వానలో గుంతలో ఉన్నా మాట తూలేవాడు కాదు. నేను తెలుగువాణ్ణని తెలిసినప్పటి నుంచి నాతో ఇంటి మాటే మాట్లాడేవాడు. ముప్పై రెండేళ్లు ఉంటాయేమో. పెళ్లాం, ఒక కూతురు, తల్లి.

ఒకరోజు నా కుర్చీ పక్కన నిలబడి నసిగాడు. "సార్, థాయ్‌లాండులో కంప్యూటర్ పనంట. డేటా ఎంట్రీ. ఎక్స్పీరియన్స్ సర్టిఫికెట్ అడగతా ఉండారు."

"నీకు టైపింగు వచ్చునా?"

"తమిళం వచ్చు సార్. ఇంగ్లీషు ఏందో, చూసి కొడతా."

నేను మా కంపెనీ కాగితం మీద, ఇతను కంప్యూటర్ పనిలో ఆరితేరినవాడు, ఇంగ్లీషు టైపింగు వేగంగా చేస్తాడు అని రాసి, సీలు కొట్టి ఇచ్చాను. మనవాడు బాగుపడతాడు కదా అనుకున్నాను. అబద్ధం ఒక కాగితమే కదా అనుకున్నాను. పోయేముందు పాలకోడు నుంచి ఒక బుట్ట టమోటాలు తెచ్చి నా టేబుల్ కింద పెట్టి వెళ్లాడు.

ఒకటిన్నర నెల తర్వాత, పదకొండు గంటల వేళ ఒక ఆడమనిషి కంట్రోల్ రూము తలుపు దగ్గర నిలబడింది. మొదట తమిళంలో, ఇక్కడ నెట్ సార్ అంటే ఎవరు అని అడిగింది. నేనే అన్నాను. పేరు చెప్పగానే గుర్తుపట్టాను, అతని భార్య. లోపలికి రమ్మని తెలుగులో అనేసరికి ఆమె ముఖం ఒక్కసారి సడలింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, మా ఇంటాయన బ్యాంకాకులో దిగినాము అని ఒకసారి ఫోన్ చేసినాడు. అంతే. ఇరవై దినాల కింద ఇంగొకసారి చేసినాడు. 'మమ్మల్ని అమ్మేసినారు, బయటికి ఇడవరు, ఫోన్లో మనోళ్లనే మోసం చేయమంటా ఉండారు, చేయకపోతే కొడతా ఉండారు, ఇది ఏ ఊరో ఏ దేశమో నాకు తెలీదు' అన్నాడు. అంతలోకే ఎవురో లాక్కున్నారు. ఇప్పుడు వారానికి ఒక మెసేజి రానిస్తా ఉండారు. పక్కన మనిషిని పెట్టుకొని రాయిస్తారేమో, అంతా బాగుండాది బాగుండాది అని వస్తాది. నిన్న ఇది వచ్చింది. నాకు అర్థం కాలేదు."

ఫోను నా చేతికి ఇచ్చింది. అక్షరాలు తమిళం, మాట మా ఇళ్లలోని తెలుగు. పక్కన కాపలా ఉన్నవాడికి తమిళం చదవడం వచ్చినా, చదివింది అర్థం కాకూడదని అలా రాసి ఉంటాడు.

"నేను బాగుండాను. సాపాటు బాగుండాది. ఇక్కడ కూడా ఏరు ఉండాది. పొద్దు ఏటి అవతల పుడతాది. వచ్చేటప్పుడు ఆ యేరు దాటే వచ్చినాము. ఎర్రావు చెవి బిళ్ల నంబరు రాసిపెట్టుకో. ఇన్సూరెన్సుకు కావాల. నెట్ సారుకు చూపించు." దాని కింద పన్నెండు అంకెలు.

ఆవుల చెవికి సర్కారు వాళ్లు కుట్టే పసుపు బిళ్ల మీద పన్నెండంకెల నంబరు ఉంటుంది. ఆవులున్న ఇంట్లో అందరికీ అది తెలుసు.

"ఎర్రావు పోయిన ఆడి నెలలోనే సచ్చిపోయింది అన్నా" అంది ఆమె. "దాని బిళ్ల కోసి ఆయప్పే గూట్లో పెట్టినాడు. పోయి చూసినాను. ఈ నంబరు దానిది కాదు. అయినా ఆవు సంగతి మీకు చూపించమని ఎందుకు చెప్తాడు?"

నేను ఆ అంకెలను మూడు మూడుగా విడదీశాను. నాలుగు భాగాలు. మూడో భాగం సున్నాతో మొదలైంది. నా రిజిస్టరు పద్ధతి. నేను తిట్టి నేర్పిన పద్ధతి. వాళ్ల కంప్యూటర్‌లో బయటి నంబరు చూసుకొని, దాన్ని చచ్చిన ఆవు చెవికి తగిలించి, నేనొక్కణ్ణే చదవగలిగేలా నాకు పంపించాడు. తానెక్కడున్నాడో తనకు తెలియదు. సారుకు తెలుస్తుంది అనుకున్నాడు.

నిజం చెప్పాలంటే నాకు గర్వం కలిగింది. ఇంత తెలివైన మనిషి నన్ను నమ్ముకున్నాడన్న గర్వం. ఆ గర్వమే కొంప ముంచింది.

నంబరు కొట్టాను. థాయ్‌లాండ్ అని వచ్చింది. ఇంకో పట్టికలో చూశాను, థాయ్‌లాండ్. మూడోదానిలో ఊరి పేరు కూడా వచ్చింది, ఆ దేశానికి పడమటి సరిహద్దులో ఒక ఊరు. అరనిమిషం పని అన్నాను కదా. ఆ రోజు రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలనే నేను జాగ్రత్త అనుకున్నాను.

"దొరికినాడమ్మా, థాయ్‌లాండులోనే ఉండాడు" అన్నాను. ఆమె తలుపు చెక్క పట్టుకొని నిలబడింది.

పక్క కుర్చీలో ఆవిడ అన్నీ వింటోంది. ఆమెది సేలం వైపు, తెలుగు రాదు, కానీ స్క్రీన్ మీద ఏముందో చూసింది. మెల్లగా తమిళంలో అంది. "సార్, మనం కూడా కొన్నాళ్లు రొమేనియాలో ఉన్నాం కదా?"

"అది కొన్న నంబరు. ఇది అక్కడి కంపెనీదే. మూడు చోట్ల చూశాను, మూడూ ఒకటే చెబుతున్నాయి."

"మూడూ ఒకే పుస్తకం చూసి రాసి ఉంటాయి సార్."

"నీ పని చూసుకోమ్మా" అన్నాను. ఒక బయటి మనిషి ముందు, నా కింద పనిచేసే ఆవిడ నా పాఠం నాకే చెబుతుంటే చిన్నతనంగా తోచింది. ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుంది.

మా మాటలు అర్థమై అతని భార్య ఫోను మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అన్నా, ఏరు దాటినాము అంటా ఉండాడు గదా. పొద్దు ఏటి పక్కనే పుడతాది అంటా ఉండాడు. ఆ థాయ్‌లాండుకు ఏరు ఏ పక్క ఉండాది?"

ఆవులు తోలుకొనే మనిషికి దిక్కు తప్పదు. తనకు తెలిసిన ఒకే ఒక్క నిజాన్ని అతను మెసేజిలో పెట్టాడు, ఆమె దాన్నే పట్టుకొని అడిగింది. నా ముందు నాలుగు స్క్రీన్లు ఉన్నాయి. ఒకదానిలో మ్యాపు తెరిచి ఉంటే సరిపోయేది. నేనేమన్నానో మాట పొల్లుపోకుండా రాస్తున్నాను.

"పొద్దు ఏ పక్క పుడితే ఏందమ్మా. మనిషి దిక్కు తప్పు చెప్పొచ్చు, నంబరు తప్పు చెప్పదు."

ఆమె ఫోను కొంగులో కట్టుకుంది. చదువుకున్నవాళ్లు చెబుతున్నారు కదా అని నమ్మింది. ఆ నమ్మకాన్ని ఇప్పటికీ తలచుకోలేను.

కంపెనీ కాగితం మీద రాసిచ్చాను. ఈ నంబరు థాయ్‌లాండ్ దేశానిది, ఫలానా ఊరిది అని, కింద నా సంతకం, సీలు. సర్టిఫికెట్ మీద కొట్టిన సీలే. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీల కౌంటరుకు నేనే తీసుకెళ్లాను. అర్జీలో 'ఏ దేశం' అని ఒక గడి ఉంది. థాయ్‌లాండ్ అని నింపాను. కాగితం పక్కాగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. మామూలుగా ఇలాంటి అర్జీల్లో ఊరూ పేరూ ఉండవట. మా ఆధారం చూసి చురుగ్గా పంపించారు, అది ఆ దేశంలోని మన రాయబార కార్యాలయానికి చేరింది. అక్కడి నుంచి అక్కడి పోలీసులకు. ఎవరి పని వాళ్లు సరిగ్గా చేశారు. నేను ఏ ఇంటికి దారి చూపించానో ఆ ఇంటికి సరిగ్గా వెళ్లారు.

ఐదు వారాలు గడిచాయి. మధ్యలో మూడు మెసేజిలు వచ్చాయి, సాపాటు బాగుండాది అని. ఆమె ప్రతిదీ తెచ్చి చూపించింది. నాలుగో వారం మెసేజి రాలేదు. ఐదో వారమూ రాలేదు. సిగ్నల్ లేదేమోనమ్మా అన్నాను. నెట్ సార్ చెప్పాల్సిన మాటే.

జవాబు వచ్చిన రోజు బుధవారం. కాపీ ఒకటి మా ఆఫీసుకు వచ్చింది. ఆ నంబరు లైను ఒక ఏటి ఒడ్డున ఉన్న చిన్న కొట్టు పేరు మీద ఉందట. పోలీసులు వెళ్లి వెతికితే కొట్టు యజమాని, ఒక నెట్ పెట్టె, గోడకు రంధ్రం కనిపించాయి. ఆ రంధ్రంలోంచి కేబుల్ బయటికి వచ్చి, ఏరు దాటి అవతలి ఒడ్డుకు పోయింది. అవతల మయన్మార్, మన పాత మాటలో బర్మా. ఆ ఒడ్డున ప్రహరీ గోడల వెనక పెద్ద పెద్ద కట్టడాలు ఉన్నాయి, అక్కడికి వెళ్లే అధికారం తమకు లేదు, తమ దేశంలో ఈ పేరు గల మనిషి దొరకలేదు అని రాశారు.

అప్పుడు తెరిచాను మ్యాపు. ఏరు ఉత్తరం దక్షిణంగా పారుతోంది. తూర్పు ఒడ్డు థాయ్‌లాండ్, పడమటి ఒడ్డు బర్మా. పడమటి ఒడ్డున నిలబడినవాడికే పొద్దు ఏటి అవతల పుడుతుంది. తూర్పు ఒడ్డున ఉంటే ఏట్లో కుంగుతుంది. ఏరు దాటి వచ్చినవాడు, ఏటి మీద పొద్దు పుట్టడం చూసేవాడు ఎక్కడుంటాడో ఆరో తరగతి పిల్లాడు చెబుతాడు. అతను నాకు దేశం పేరు తప్ప అంతా రాసి పంపాడు. ఆ ఒక్క పేరు చెప్పమన్నాడు, నేను తప్పు చెప్పాను.

పక్క కుర్చీలో ఆవిడ కాగితం చదివింది. నాకు మంచినీళ్లు తెచ్చి పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం బస్సెక్కి వెల్లిచందై వెళ్లాను. ఆమె పాక ముందు గడ్డి వేస్తోంది. అతని తల్లి గడప మీద కూర్చుని ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ముసలామెకు చెవులు సరిగ్గా వినబడవు, "ఏమంటాడు, ఏమంటాడు" అని అడుగుతోంది. కోడలు గడ్డి మోపు దింపి, చేతులు దులుపుకొంది.

"అయితే బర్మానా అన్నా?"

"బర్మానమ్మా."

"మల్లా రాస్తారా?"

"ఈ రాత్రికే రాస్తాను" అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా రాశాను. ఈసారి మ్యాపు, ఏరు, పొద్దు అన్నీ రాశాను. బర్మాలోని మన రాయబార కార్యాలయం నుంచి రెండు నెలలకు జవాబు వచ్చింది. ఆ ప్రాంతం అక్కడి సర్కారు చేతిలో లేదు, వివరాలు రాబట్టడానికి ప్రయత్నిస్తున్నాం అని.

ఆపైన మూడు నెలలకు, హరూర్ వైపు మనిషి ఒకడు ఆ గోడల లోపలి నుంచి బయటపడి ఊరు చేరాడని తెలిసింది. ఎలా వదిలారో అతనూ సరిగ్గా చెప్పలేదు. వెతుక్కుంటూ వెళ్లాను. ఇంటి లోపల గోడకు ఆనుకొని కూర్చుని, ఎవరు వచ్చినా తలుపు వైపే చూస్తున్నాడు. ఎడమ చేతి వేళ్లు రెండు వంగడం లేదు. తమిళంలో చెప్పాడు. అవతలి ఒడ్డు కొట్టులో పోలీసులు వెతికిన రోజే కొట్టువాడు వీళ్లను పట్టి ఉంచినవాళ్లకు కబురు పంపాడట. నంబరు బయటికి ఎలా పోయిందని రెండు రోజులు అందరినీ నిలబెట్టారు. ఏ కంప్యూటర్‌లో ఎవరు నంబరు చూసే పేజీ తెరిచారో వెతికి పట్టుకున్నారు.

"ఆవులాయన" అన్నాడు. వాళ్లంతా అతన్ని అలాగే పిలిచేవాళ్లట. "ఎవరికి పంపినావు అని అడిగినారు సార్. ఆవు నంబరు అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా ఆవు నంబరే అన్నాడు. మూడో రోజు వ్యాన్ ఎక్కించినారు. తనంతట తాను నడవలేదు, ఇద్దరు పట్టుకున్నారు. ఇంకో చోటికి అమ్మేసినారు అని కొందరు, కాదు అని కొందరు. నాకు తెలీదు సార్."

"ఎవరికి పంపాడో చెప్పలేదా?"

"లేదు సార్. చెప్పి ఉంటే కొట్టేది ఆపేవాళ్లేమో." అప్పుడు నా ముఖం చూసి అడిగాడు. "మీరు ఎవరు సార్?"

కంపెనీలో కలిసి పనిచేశాం అన్నాను. అంతకంటే చెప్పలేకపోయాను.

మీలో కొందరు అడుగుతారు, మొదటిసారే బర్మా అని రాసి ఉంటే అతను వచ్చేవాడా అని. తెలియదు. రాకపోయి ఉండొచ్చు. అక్కడి నుంచి ఎందరో రాలేదు. కానీ కొట్టులో వెతికి ఉండేవాళ్లు కాదు, అతని గుట్టు బయటపడేది కాదు, వారానికొక మెసేజి అయినా వచ్చేది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అని పంతం పట్టకుండా, పక్క కుర్చీ మాటో గుమ్మంలో నిలబడిన మనిషి మాటో వినిపించుకొని ఉంటే చాలు. మీకు నేనిచ్చే పాఠం కూడా ఇంతకంటే లేదు. మిషన్లు నాకంటే మీకే బాగా తెలుసు.

హరూర్ నుంచి వచ్చి అతని భార్యకు సగమే చెప్పాను. వేరే చోటికి మార్చారంట అన్నాను. వ్యాను దాకా ఇద్దరు పట్టుకున్న సంగతి చెప్పలేదు. నంబరు ఎలా బయటపడిందో కూడా చెప్పలేదు. ఆమె అడగలేదు. అడగలేదు కాబట్టి తెలియదనుకున్నాను. మరుసటి ఏడు రిటైరయ్యాను.

మొన్న ఆమె మా ఇంటికి వచ్చింది. కూతురు బడికి పోతోందట, ముసలామె పోయిన తై నెలలో, పొంగల్ రోజుల్లో, చనిపోయిందట. అక్కడ కొన్ని చోట్ల నుంచి మనవాళ్లను విడిపించి తెస్తున్నారు, ఇంకా రానివాళ్ల వివరాలు ఇళ్ల వాళ్లు మళ్లీ రాసివ్వాలి అని కబురు వచ్చింది. "నాకు ఫారం రాసేది రాదు అన్నా, ఒకసారి వస్తారా" అంది. తెలిసినవాళ్లు బోలెడుమంది ఉండగా నా దగ్గరికే ఎందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు. చెప్పులు వేసుకొని బయలుదేరాను.

కలెక్టరాఫీసు కౌంటరు దగ్గర బెంచీ మీద కూర్చుని ఫారం నింపాను. పేరు, వయసు, గుర్తులు. ఎడమ మోకాలి కింద ఆవు పొడిచిన మచ్చ అని ఆమె చెప్పింది, రాశాను. తర్వాత ఆ గడి వచ్చింది. చివరిగా ఉన్న దేశం. పెన్ను ఆగిపోయింది. వ్యాను ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు.

"ఏం రాయమంటావమ్మా?" అన్నాను. ఇన్నాళ్లకు అడిగాను.

ఆమె ఆలోచించలేదు. "ఆయప్ప చెప్పిందే రాయండి అన్నా. ఏరు దాటి అవతల, పొద్దు ఏటి మీద పుట్టే పక్క అని."

అలాగే తమిళంలో రాశాను. గడిలో పట్టలేదు, పక్కన ఖాళీ స్థలంలోకి కూడా పోయింది. ఆమె వేలిముద్ర వేయలేదు, నేర్చుకున్న సంతకం పెట్టింది.

కౌంటరులో ఉన్నాయన చిన్నవాడు, మర్యాదస్తుడు. ఫారమంతా చదివి ఆ గడి దగ్గర వేలు పెట్టాడు. "అమ్మా, ఇక్కడ దేశం పేరు ఒక్కటి రాస్తే చాలు."

"పోయినసారి పేరే రాసినాము సార్" అంది ఆమె. "పోలీసులు ఆ పేరు పట్టుకొని పోయి వెతికినారు. దానివల్లనే ఆయనను కొట్టి ఎత్తుకుపోయినారు. ఈసారి ఆయన చెప్పింది ఉండనీయండి."

ఆమెకు అంతా తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు. ఆ మాట ఆమె కౌంటరాయనతో తమిళంలో అంది, నేను పక్కనే ఉన్నా నా వైపు తిరగలేదు. నాతో తెలుగులో ఆ మాట ఇంతవరకు ఒక్కసారీ అనలేదు. బస్సు కోసం నిలబడినప్పుడు కూడా, "ఎండ ఎక్కువగా ఉండాది అన్నా, నీడలోకి రాండి" అనే అంది.